కూలర్ పక్క కంప్యూటర్

"ఉక్కపోస్తాంది కాకా. కూలర్ దగ్గర మీరు కూసోండ్రి, నేనక్కడ కూసుంట," అంటూ సుభాషిణి లేచి నిలబడింది.

సేఠ్ నిన్ననే ఆమెకని చెప్పిన సీటూ, కంప్యూటరూ అవి. నర్సింగం వద్దంటే వద్దన్నాడు. పెద్దవాళ్లు చెమటలు కక్కుతుంటే చిన్నవాళ్లు కూలర్ గాలికి కూర్చోవడం తమ ఇంటా వంటా లేదందామె. సేఠ్ కూడా నవ్వి తలూపడంతో ఆయనకు సీటు మారక తప్పలేదు.

జోల్వాలోని ఆ మరమగ్గాల కార్ఖానాలో చీరల డిజైన్లు గీసే కొలువు ఒక్కటే. పదేళ్లుగా అది నర్సింగానిది. పొద్దున్నే వచ్చి కంప్యూటర్ డబ్బాల్లో చేరిన దారపు నుసి ఊదేది కూడా ఆయనే. ఇప్పుడు సేఠ్‌కి లింబాయత్ బస్తీ నుంచి వచ్చిన ఈ పిల్ల పనితనం నచ్చింది. ఇద్దరికీ ఒకే పల్లూ నమూనా ఇచ్చి, మూడింటికల్లా ఎవరు ముగిస్తే వాళ్లదే కొలువన్నాడు. ఓడితే యాభై ఆరేళ్ల వయసులో నర్సింగం మళ్లీ మగ్గం ముందు నిలబడాలి. ఆయన మోకాళ్లు అందుకు ఒప్పుకోవు.

రెండూ ఒకే రకం కంప్యూటర్లు. అయినా సుభాషిణి తెర మీద నెమళ్లు చకచకా రూపు దిద్దుకుంటుంటే, ఆయన తెర మీద ఒక్కో పువ్వూ ఈడ్చుకుంటూ వస్తోంది. కాసేపు పని మానేసి ఆమె చేతినే చూశాడు. ఒక్క గీతనూ వృథా పోనివ్వని చెయ్యి. ఎంత చక్కని విద్య అబ్బింది ఈ పిల్లకి అనుకున్నాడు. నిజంగానే ముచ్చటేసింది.

ఆయన అవస్థ ఆమె గమనించింది. "మీ చెయ్యి కాదు కాకా, మిషనే మొద్దుగున్నది. జర చూస్త ఆగుండ్రి."

"వద్దు బిడ్డా, నీ టైమ్ పోతది," అన్నాడాయన.

ఆమె అప్పటికే ఆయన గీసినంత సేవ్ చేసి, స్విచ్చి ఆపి డబ్బా విప్పింది. నాలుగు స్లాట్లలో రెండు ర్యాములు పక్కపక్కనే ఉన్నాయి. అలా పెడితే రెండూ ఒకే దారిలో నడుస్తాయని, ఒకటి వదిలి ఒకటి పెడితే రెండు దారులు తెరుచుకుంటాయని చెప్పింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి బొమ్మ బరువు కూడా వీటి మీదే పడుతుందట. మగ్గానికి రెండు కోన్ల దారం రెండు వైపుల నుంచి అందించినట్టేనంది. ఆయన తలొంచుకుని విన్నాడు. ర్యామ్ మార్చి మూత బిగించేసరికి ఆమెకు పావుగంట పోయింది.

మూడింటికి నర్సింగం పల్లూ పూర్తయింది. ఆమెది ఇంకా అంచు మిగిలే ఉంది. సేఠ్ ఆయన భుజం తట్టి, కొలువు నీదేనన్నాడు.

నర్సింగం లేచి నిలబడ్డాడు. కొలువు పిల్లకే ఇవ్వమని, ఇలాంటి చెయ్యి మళ్లీ దొరకదని, తాను మగ్గం చూసుకుంటానని సేఠ్‌కి చెప్పాడు. ఎంత పెద్ద మనసని సేఠ్ ఆశ్చర్యపోయాడు. సుభాషిణి కళ్లనీళ్లతో కాళ్లకు దండం పెట్టబోతే ఆయన చప్పున కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

పొద్దున, ఆ సీట్లో సుభాషిణే కూర్చుంటుందనుకుని, ఆ ర్యామ్‌ను తప్పు స్లాట్‌లో పెట్టింది నర్సింగమే.