చూడ్డానికి వచ్చినాయన

"సున్నం గోడకు వెయ్యమన్నాను గానీ నా నెత్తికి కాదు" అంది సిస్టర్, నిచ్చెన కింద నిలబడి.

"మరి అక్కడెందుకు నిలబడ్డావమ్మా? పైకప్పంతా చెమ్మ. ఇంకో పూత పడితే గానీ మరక చావదు" అన్నాడు మేస్త్రి పైనుంచి.

అది కాలనీ ప్రసూతి ఆసుపత్రి. ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవంటూ ముందు రాత్రిపూట డాక్టర్ని తీసేశారు. తర్వాత అంబులెన్సు పోయింది. ఆ తర్వాత దూది, చేతి తొడుగులు రావడం మానేశాయి. చివరికి సిస్టరు, ఒక ఆయమ్మ, పగలు వచ్చి పోయే డాక్టరమ్మ మిగిలారు. ఇదీ మూతపడితే నొప్పులు పడే ఆడవాళ్ళు వంతెన దాటి పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. మేస్త్రి పెద్ద కూతురు ఒక రాత్రి, ఇక్కడ డాక్టరు లేక, అలాగే బయల్దేరి వంతెన మీద, ఆటోలోనే కన్నది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు చిన్న కూతురికి నెలలు నిండాయి. అందుకే మేస్త్రి కూలి మాట ఎత్తకుండా నిచ్చెన ఎక్కాడు.

ఆసుపత్రులు మూసే పని పైవాళ్ళు ఒక అధికారికి అప్పగించారు. ఏమడిగినా 'ఖజానా ఖాళీ' అంటాడని సిస్టర్ ఆయనకు ఖజానాగారు అని పేరు పెట్టింది. ఆయన గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఏసీ చలికి ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకునేది. ఈ ఒక్క గదిలో మాత్రం ఖజానా నిండుగానే ఉన్నట్టుంది అని మనసులో అనుకునేది.

"మీ కాలనీవాళ్ళకు కనడం తప్ప వేరే పని లేదా?" అన్నాడాయన కిందటిసారి, బిస్కెట్టు నములుతూ.

సిస్టర్‌కి ఒళ్ళు మండింది. ఈయన్ని కూడా ఏదో ఒక తల్లి నొప్పులు పడే కన్నది, దండగ అనుకుంది. పైకి మాత్రం, "మూసెయ్యకండి సార్" అంది.

"నా చేతుల్లో ఏముంది? ఒకాయన చూడ్డానికి వస్తాడు. ఆయనకు నచ్చిందా, మన కష్టం తీరినట్టే. కాస్త శుభ్రంగా పెట్టుకోండి."

"ఎవరు సార్ ఆయన?"

"పెద్దమనిషి. నీకు అంతవరకు చాలు."

ఆ మాట చెవిన పడగానే కాలనీ కదిలింది. ప్లంబరు కారే కుళాయిలన్నీ మార్చాడు. దర్జీ కిటికీలకు పరదాలు కుట్టింది. ఎలక్ట్రీషియను తన ఇంటి ఫ్యాను విప్పి తెచ్చి కాన్పుల గదిలో బిగించాడు. అతని భార్య వారం పాటు అతనితో మాట్లాడలేదు.

ఆ పెద్దమనిషి వచ్చే రోజు పొద్దున్నే మేస్త్రి చిన్న కూతురికి నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ ఆ అమ్మాయితో లోపలే ఉండిపోయింది.

ఖజానాగారు కొత్త సున్నం వాసనకే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కారు దిగాడు. వెంట వచ్చిన తెల్లచొక్కా ఆయన మాత్రం అందరికీ దండం పెట్టాడు. మాట నెమ్మది. గోడలను వేళ్ళతో తట్టి చూశాడు. కుళాయిలు తిప్పి చూశాడు.

"ఈ వీధిలో జనం బాగానే తిరుగుతారా?" అని అడిగాడు.

ఇంతకాలానికి ఒక్కడు జనం గురించి అడిగాడు. సిస్టర్ ఒక అడుగు ముందుకు వేసింది. "పొద్దున్నించి రాత్రి దాకా తిరుగుతూనే ఉంటారు సార్. చుట్టుపక్కల కాలనీలన్నిటికీ ఇదే దారి."

ఆయన తృప్తిగా తలూపాడు. రెండు వార్డుల మధ్య గోడ దగ్గర ఆగి, "ఇది తీసేస్తే కప్పుకి ఏమన్నా అవుతుందా?" అన్నాడు.

"ఏం కాదు సార్. ఉత్త అడ్డుగోడ. నేను తీసిపెడతాను" అన్నాడు మేస్త్రి.

"తీస్తే విశాలంగా ఉంటుంది."

సిస్టర్ ఆయమ్మ చెయ్యి గట్టిగా నొక్కింది. పెద్ద వార్డు. మంచాలు గోడవారగానే కాదు, మధ్యలో కూడా వేయచ్చు.

కాన్పుల గది తలుపు వెనకనుంచి మూలుగు వినిపించింది. ఆయమ్మ లోపలికి పరిగెత్తింది. ఖజానాగారు మొహం చిట్లించి, "ఈ హడావుడి ఇవాళే పెట్టుకోవాలా?" అన్నాడు, నొప్పులకు తన దగ్గర అనుమతి తీసుకోవాలన్నట్టు.

"లోపల ఎవరు?" అన్నాడు తెల్లచొక్కా ఆయన.

"మా చిన్నమ్మాయి సార్" అన్నాడు మేస్త్రి.

"పాపం, ఇబ్బంది పెట్టకండి. ఆ గది తర్వాత చూసుకుంటాను."

ఇలాంటి మనిషి ఆ కుర్చీలో ఉండకుండా ఈ జేబురుమాలాయన ఎందుకు ఉన్నట్టు అనుకుంది సిస్టర్. వాళ్ళు బయట వరండాలోకి వచ్చేసరికి లోపల పసిబిడ్డ ఏడ్చింది. మేస్త్రి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆయమ్మ తలుపు సందులోంచి మొహం బయటపెట్టి, "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం" అంది.

తెల్లచొక్కా ఆయన మేస్త్రి భుజం తట్టాడు. "శుభం. పని కూడా బాగా చేశావు. నాకు నచ్చింది."

ఖజానాగారు జేబురుమాలు తీసి మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూసి కూడా సిస్టర్‌కి ఒళ్ళు మండలేదు ఆ రోజు. కారు తలుపు దాకా వెళ్ళి తెల్లచొక్కా ఆయనకు రెండు చేతులూ జోడించింది.

"అయితే మా ఆసుపత్రి మూసెయ్యరు కదా సార్?"

ఆయన కాస్త తికమకగా ఖజానాగారి వైపు చూశాడు. ఖజానాగారికి అప్పుడే ఫోన్లో ఏదో అర్జెంటు పని తగిలింది.

"అది నాకేం తెలుసమ్మా, నేను బిల్డింగు కొనడానికి వచ్చినవాణ్ణి."