రాతిలోంచి చప్పుడు

కరెంటు వచ్చింది. పసుపు చేప లేదు.

"ఏవండీ, ఇంకోటి పోయింది!" ఇష్రత్ కేక పెట్టింది.

ఎంగిలి చేత్తోనే లేచి వచ్చాడు జాహిద్. అక్వేరియం ముందు గొంతుక్కూర్చుని రాళ్ల సందులన్నీ వెతికాడు. ముల్లు కూడా దొరకలేదు.

పంజా సెంటర్ చుట్టుపక్కల మంచినీళ్ల చేపలు పెంచే ఇళ్లు చాలా ఉన్నాయి. సముద్రపు చేపలున్నది జాహిద్ ఇంట్లోనే. రాళ్లు కూడా సముద్రంలోవే కావాలని చెన్నై నుంచి రైలు పార్సిల్లో తెప్పించాడు. ఆ రాళ్లలో దాక్కుని ఏదో వచ్చింది.

వేసవి మధ్యాహ్నాలు కరెంటు తీసేస్తే పంపు ఇన్వర్టర్ మీద తిరిగేది. లైట్లు మాత్రం ఆరిపోయేవి. ఆ మసక చీకట్లోనే చేపలు మాయమయ్యేవి.

ఇక మిగిలింది దుల్హన్ ఒక్కటే. ఎర్రటి ఒంటి మీద తెల్ల చారలున్న బుల్లి చేప. పెళ్లికూతురిలా ఉందని ఆ పేరు పెట్టింది ఇష్రత్.

ముసలాయన ప్రాణమంతా దాని మీదే ఉంది.

జాహిద్ తండ్రి ఖాజా మొహిద్దీన్‌కి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడి చెయ్యి ఒక్కటే కదులుతుంది. అన్నం పెట్టబోతే పళ్లు బిగించేవాడు. చక్రాల కుర్చీని అక్వేరియం ముందుకి మార్చాక పరిస్థితి మారింది. అద్దం మీద ఆయన వేలు ఎటు జరిగితే దుల్హన్ అటు వచ్చేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు సందులో ఇష్రత్ ముద్ద పెట్టేసేది.

"ఇది కూడా పోతే ఆయన ఇంక నోరు తెరవరండీ," అంది ఇష్రత్.

"పోనివ్వను."

"కరెంటు పోగానే టక్కుమంటోంది. మీరూ విన్నారుగా?"

విన్నాడు. దుల్హన్ ఉండే సందు పక్కనే, చిన్న కన్నంలోంచి. టక్. ఆ చప్పుడైనప్పుడల్లా ముసలాయన వేలు కుర్చీ చేతి మీద ఒక్కసారి కొట్టేది.

"పాపం, ఉలిక్కిపడుతున్నారు," అనుకునేది ఇష్రత్.

ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు పెట్టాక, తండ్రి చేత రాత్రి డ్యూటీ మాన్పించాడు జాహిద్. అడుగున ఇనప పొన్ను వేసిన ఆయన వెదురు కర్రని, వచ్చేపోయేవాళ్ల కంటపడకుండా తలుపు వెనక నిలబెట్టాడు. అక్వేరియాన్ని మాత్రం వీధిలోకి కనపడేలా హాలు నడిమధ్య పెట్టాడు.

రాళ్లు పంపిన దుకాణానికి ఫోన్ చేశాడు.

"టక్కుమంటోందా? ఏమైనా కనపడిందాండీ?" అన్నాడు దుకాణం ఆయన.

"రొయ్యలాగుంది. ఒక చెయ్యి మాత్రం పెద్దది, పట్టుకారులాగా."

"అయితే వేటాడే జాతే అయ్యుంటుంది. ఆ రాయి పైకి తీసి కన్నంలో మంచినీళ్లు పొయ్యండి. బయటపడుద్ది."

అయ్యుంటుంది అన్న మాట జాహిద్ చెవికెక్కలేదు.

శుక్రవారం నమాజు నుంచి వస్తూనే చొక్కా చేతులు పైకి మడిచాడు. బకెట్ తెచ్చింది ఇష్రత్.

రాయి నీళ్లలోంచి పైకి రాగానే ముసలాయన కుర్చీ చేతిని బాదడం మొదలుపెట్టాడు. కళ్లు ఎర్రబడ్డాయి. గొంతులోంచి మూలుగు తప్ప మాట రావడం లేదు.

"లోపలికి తీసుకెళ్లనా?" భయపడింది ఇష్రత్.

"వద్దు, చూడనీ. తొందరగా చంపమంటున్నారు."

కన్నంలో మంచినీళ్లు పోశాడు. చిటికెన వేలంత రొయ్య ఒకటి బకెట్లో పడింది.

"ఇంతేనా?"

"దొంగలు చూడ్డానికి ఇలాగే ఉంటారు."

బకెట్ అడుగున ఒకసారి టక్కుమంది. అంతే, మళ్లీ వినపడలేదు.

ముసలాయన మొహం తిప్పుకున్నాడు. చెంపల మీద నీళ్లు. ఆ పూట ముద్ద ముట్టలేదు.

"అలిసిపోయుంటారు," అన్నాడు జాహిద్.

మర్నాడు షాపుకి వెళ్లలేదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. చప్పుడు లేదు.

"పీడ విరగడైంది," అన్నాడు.

అప్పుడే ముసలాయన చెయ్యి లేచింది. వేలు అక్వేరియం అవతలి కొసన ఉన్న రాయిని చూపిస్తోంది.

జాహిద్ టార్చి వేశాడు.

ఆ రాతిలోంచి వేలి లావు పురుగు ఒకటి బయటికి జరుగుతోంది. జానెడు వచ్చింది. మూరెడు వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది. ఏమాత్రం సవ్వడి లేదు.

"ఏవండీ, దుల్హన్!"

జాహిద్ మోచేతి దాకా నీళ్లలో చెయ్యి పెట్టాడు. అందలేదు. పురుగు చేపని కరిచి పట్టుకుని, వచ్చిన దారినే రాతిలోకి జారిపోయింది.

నీళ్లు నిలకడకి వచ్చాయి. అద్దం వెనక ఏమీ లేదు.

ఇష్రత్ గోడకి ఆనుకుని కూలబడింది. "దూరంగా తిరిగే చేపలన్నీ పోయాయి... ఆ రొయ్య పక్కన ఉన్నదొక్కటే ఇన్నాళ్లు బతికింది కదండీ!"

జాహిద్ తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"మీకు తెలుసా అబ్బాజాన్?"

ముసలాయన తలుపు వైపు చెయ్యి చాపాడు. జాహిద్ కర్ర తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని కష్టంగా కొంచెం పైకెత్తి, నేల మీదికి వదిలాడు.

టక్.

రాతిలోంచి వచ్చిన చప్పుడే. ఏళ్ల తరబడి ఆటోనగర్ సందుల్లో రాత్రంతా తిరుగుతూ, "నేనున్నాను, ఇటు రావద్దు" అని దొంగలకి వినపడేలా వాచ్‌మన్ ఖాజా మొహిద్దీన్ కొట్టిన చప్పుడే.