సాంచెల చప్పుడు

తలుపు ఎవరో తట్టారు. బొంత కప్పుకుని పాట రికార్డు చేస్తున్న ప్రణయ్ విసుక్కుంటూ లేచాడు.

కరోనాతో కాలేజీ మూతపడ్డాక పాత లాప్‌టాప్ మీద బీట్లు కట్టడం నేర్చాడు. ఇప్పుడు వలస వచ్చిన తెలుగు నేత కార్మికులుండే లింబాయత్‌లోని ఆ గల్లీకంతా వాడే సంగీత దర్శకుడు.

గుమ్మంలో ఎవరో పెద్దమనిషి. మాస్కు కళ్ల దాకా ఉంది.

"పరమేశ్వర్ కొడుకువు నువ్వేనా బిడ్డా?"

నాన్న పేరు వినగానే ప్రణయ్ తలుపు సగానికి మూశాడు.

కారణం ఉంది. ఏప్రిల్‌లో కరోనా మళ్లీ విరుచుకుపడినప్పుడు, తమను ఊరికి పంపమని కార్మికులు నడుస్తున్న సాంచెల మధ్యే, ఆ మరమగ్గాల మోతలోనే కేకలు వేశారు. అందరికన్నా పెద్దగా అరిచింది నాన్నే. ఎవరి ఫోన్లోనో ఆ గొడవ రికార్డయిందట. అరిచిన గొంతులు ఎవరివో తేలితే పనిలోంచి తీసేస్తానని మగ్గాల యజమాని సేఠ్ ఇప్పటికీ అంటున్నాడు.

"నువ్వు పాటలు రికార్డ్ చేస్తవంట గదా. మీ నాయిన గొప్పగ జెప్పిండు."

శుద్ధ అబద్ధం! ఈ బీట్ల గోలంటేనే నాన్నకు పడదు.

"ఏం కావాలె కాకా?"

"కొత్తగ షురూ చేసెటోనికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? దుకాణపాయన పెద్ద మైకు, హెడ్‌ఫోను, సౌండ్ కార్డు అన్నీ కొనుమంటున్నడు. కొంటె పనైతదా?"

"ఏం పని?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "దీంట్ల ఒక మాట ఉంది. ఎనుక సాంచెల చప్పుడు. చప్పుడు తీసేసి గొంతొక్కటే ఉంచొస్తదా?"

ఇక ప్రణయ్‌కి అనుమానమే లేదు. వీడు సేఠ్ మనిషే.

"ఫోన్ ఇటియ్యి, చూస్త."

"ఫోనియ్య బిడ్డా. నేనే ఇనిపిస్త."

రెండు వేళ్లు లేని చేత్తో ఫోన్‌ను గట్టిగా పట్టుకుని బటన్ నొక్కాడు. మగ్గాల మోత తప్ప ఏమీ తెలియలేదు.

"ఎవరి గొంతు?"

ఆయన తల దించుకున్నాడు. "మనోల్లదే."

మనవాళ్లనే పట్టివ్వడానికి వచ్చి మనవాళ్లంటున్నాడు! ప్రణయ్‌కి ఒళ్లు మండింది.

నిజానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే ఆ మోతను చాలావరకు తగ్గించవచ్చు. తన పాటల్లో ఫ్యాను చప్పుడును వాడు రోజూ అలాగే తీసేస్తాడు. ఆ మాట కడుపులో దాచుకుని పెదవి విరిచాడు.

"కాదు కాకా. ఎంత పెద్ద స్టూడియోకు వోయినా గాదు."

"జరంత గూడ?"

"జరంత గూడ. గా సంగతి ఇడిసిపెట్టు. ఒక మామూలు మైకు కొను. తలుపులేసి, బొంత కప్పి, గా మనిషితోని మళ్ల మాట్లాడించు. సాఫ్‌గ వస్తది."

"మళ్ల మాట్లాడించాల్నా..." అని ఆయన గొణుక్కున్నాడు. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సల్లగుండు బిడ్డా" అని మెల్లగా గల్లీ మలుపు తిరిగిపోయాడు.

సాయంత్రం నాన్న షిఫ్టు దిగి వచ్చేసరికి ప్రణయ్ సంబరంగా ఎదురెళ్లాడు.

"నాన్నా, సేఠ్ మనిషొచ్చిండు. ఫోన్ల నీ గొంతు పట్టెటందుకు. ఉల్టా చెప్పి పంపిన!"

"ఎవడురా? ఎట్లున్నడు?"

"పొడుగ్గ ఉన్నడు. చేతికి రెండు వేళ్లు లెవ్వు."

చెప్పులు విప్పుతున్న పరమేశ్వర్ చెయ్యి ఆగిపోయింది.

"ఆయన రాజలింగం గదరా! నేను దిగంగనే నా సాంచెలెక్కే రాత్రి షిఫ్టాయన. పొద్దుగాల నేనే పంపిన, మా పోరడు చేస్తడని. మాపటికి పనికి రాకపాయె, ఎందుకో అనుకున్న."

ప్రణయ్ గల్లీ మలుపు వైపు చూశాడు. "మరి... ఆ గొంతు?"

పరమేశ్వర్ గడప మీద కూలబడ్డాడు.

"మే నెలల కరోనాతోని పోయిన ఆయన పెండ్లం వజ్రమ్మదిరా, షెడ్డుల నూలు బాబీన్లు చుట్టుకుంట ఆమె ఫోన్ల పంపిన గా మాటొక్కటే ఇప్పుడు ఆయనకు మిగిలింది."