గురువారం దాకా

"మళ్లీ పాస్‌వర్డ్ తప్పంటోంది సోల్హీ," అన్నాడు తాక్ ఫోన్‌లో. "తొందరేం లేదు. తీరిగ్గానే చూడు."

తాక్ గ్యుసిక్ అమ్మకాల మేనేజరు. ఆల్చిప్పల సాగుకు తాళ్లు, వలలు అమ్మే చిన్న కంపెనీ. ఆ సోమవారం ఆయన వాండో దీవిలో కొనుగోలుదార్ల దగ్గరికి వెళ్లాడు. రేవు పక్కన కారు ఆపుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. తోంగ్‌యోంగ్ పట్నంలోని ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసుకునేది సోల్హీ ఒక్కతే.

ఆమె పాస్‌వర్డ్ మార్చింది. పనిచేస్తోందో లేదోనని తన కంప్యూటర్‌లోంచి ఆయన మెయిల్ తెరిచింది. అన్నిటికంటే పైన, ఇంకా చదవని మెయిల్ ఒకటి. పంపింది యజమాని. పైన విషయం ఇలా ఉంది:

'ఉద్యోగం నుంచి తొలగింపు. శుక్రవారంలోగా సంతకం చేసి పంపండి.'

చప్పున మూసేసింది. లోపలేముందో చదవబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్ల నుంచి ఉన్న మనిషి! గురువారం ఆయన కూతురికి కాలేజీ ప్రవేశ పరీక్ష. బంకలా అతుక్కునే మిఠాయి తింటే సీటూ అలాగే అతుక్కుంటుందని నమ్మకం; ఆ పిల్లకని ఒక డబ్బా కొని పొద్దున్నే వాళ్లింటికి పంపింది సోల్హీ.

"ఏమ్మా, అయిందా?"

"మెయిల్ సెట్టింగుల్లో పోర్టు నంబరు మారింది సార్. తొమ్మిది, మూడు, తొమ్మిది కొట్టండి."

కొట్టాల్సింది తొమ్మిది, తొమ్మిది, మూడు.

"తొమ్మిది... మూడు... తొమ్మిది," అని ఒక్కొక్కటే పలుకుతూ కొట్టాడాయన. "ఊహూఁ. తిరుగుతూనే ఉంది."

"అక్కడ సిగ్నల్ సరిగ్గా లేదేమో సార్."

మంగళవారం ఆయన చేత మూడుసార్లు లాప్‌టాప్ ఆపించి, మళ్లీ పెట్టించింది. బుధవారం కారును రేవు అవతలి కొసకు తీసుకెళ్లమంది. చలికి వేళ్ల మీద ఆయన ఊదుకోవడం ఫోన్‌లో వినిపిస్తోంది. ఒక్కసారైనా విసుక్కుని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది.

"పోనీలే, రేపు చూద్దాం. నువ్వు అన్నం తిన్నావా?" అనేవాడు ప్రతిసారీ.

తిన్నానని చెప్పి ఆమె గబగబా ఫోన్ పెట్టేసేది.

బుధవారం సాయంత్రం యజమాని ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఒక్క మనిషి మెయిల్ కలపడానికి మూడు రోజులా? నువ్వున్నది ఇంకెందుకు?"

"రేపటికి అయిపోతుంది సార్," అంది తల వంచుకుని.

గురువారం పొద్దు వాలుతుండగా తాక్ ఫోన్ చేశాడు. "మా పిల్ల పరీక్ష బాగా రాసిందట! ఇప్పుడే బయటికొచ్చింది. నువ్విచ్చిన మిఠాయి పళ్లకంటుకుని ఊడిరాలేదట!" అంటూ పకపకా నవ్వాడు.

ఆ నవ్వు విన్నాక ఇక దాచుకోవడం సోల్హీ వల్ల కాలేదు.

"సార్, నన్ను క్షమించండి. మీకు కావాలనే తప్పు నంబరు చెప్పాను. యజమాని పంపిన తొలగింపు కాగితం నా కంటబడింది. పరీక్ష అయ్యేదాకా మీకు తెలియకూడదనుకున్నాను. మిమ్మల్ని మూడు రోజులు చలిలో కూర్చోబెట్టి ఆడించాను."



"నంబరు తప్పని నాకు మొదటిరోజే తెలుసమ్మా," అన్నాడు తాక్. "అసలుది పోయినేడు నువ్వేగా నేర్పావు. అంతకుముందు పాస్‌వర్డ్ కూడా నేనే కావాలని తప్పు కొట్టాను."

"మీరా! ఎందుకు?"

"యజమాని ఆదివారమే ఫోన్ చేసి ఆ కాగితం సంగతి చెప్పాడు. మేనేజరు సంతకం లేకుండా ఎవర్నీ తీయడానికి లేదు. మెయిల్ అందకపోతే సంతకమెలా పెడతాను? కాదని మొహం మీద చెప్పే ధైర్యం లేక, నీకు నిజం చెప్పలేక, ఇలా నీ చేత చాకిరీ చేయించాను."

"నిజమా? ఏం నిజం సార్?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అందులో ఉన్న పేరు నీది."