ఆ మోడల్‌లో రెండోది

"వచ్చేస్తున్నారే! వీధి మలుపు దగ్గరున్నారట!" అంటూ మొగుడు షెడ్డులోకి పరిగెత్తుకొచ్చేసరికి టైలరమ్మ కారు వెనక సీట్లో మోకాళ్ల మీద కూర్చుని, మడతపెట్టే గుడ్డ టాప్‌కి ఆఖరి అంచు కుడుతోంది.

"వస్తే రానివ్వండి. మీరు కారు కదపకండి, సూది వేల్లో దిగుతుంది" అంది.

పైకి అలా అందిగానీ లోపల గుండె పీచుపీచుమంటోంది. అనదూ మరి? అది అసలు ఓపెన్ టాప్ కారే కాదు!

అంతా మొగుడి నోటిదూల వల్ల వచ్చింది. ఎక్కడో చెట్ల మధ్య తుప్పు పట్టి పడివున్న పాత కారుని టార్పాలిన్ కప్పి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. టార్పాలిన్ కింద వేలాడుతున్న బంపర్ చూసి టైలరమ్మ అన్నయ్య పడీ పడీ నవ్వాడు. చెల్లెలి పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయనకదే పని. "బావ చెయ్యి పడితే విమానమైనా తోపుడుబండి అయిపోతుంది" అంటాడు. పదిమందిలోనూ అంటాడు. ఆ నవ్వు భరించలేక మొగుడు నోరు జారాడు.

"నీకేం తెలుసు బావా! ఇది ఓపెన్ టాప్. ఈ మోడల్‌లో అలాంటిది లోకంలో ఒక్కటే ఉంది. ఇది రెండోది!"

మాట ఊరంతా పాకింది. ఇక చేసేదేముంది? ఆడిన అబద్ధాన్ని మార్చడం కంటే కారుని మార్చడమే తేలిక. మొగుడూ పెళ్లాం షెడ్డు తలుపులు వేసుకుని చెరోవైపూ రంపం పట్టారు.

కప్పు ఊడొచ్చింది. ఊడిన మరుక్షణం కారు నడుం కుంగి, రెండు తలుపులూ బిగుసుకుపోయాయి. లాగితే రావు, తంతే రావు.

"అయ్యయ్యో! కప్పంటే గొడుగే అనుకున్నాను గానీ వెన్నెముక అనుకోలేదే!" అని మొగుడు తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"లేవండి. కుంగిన చోట ఎత్తి కట్టాలి. జాకెట్టుకి పట్టీ వెయ్యమూ?" అంది టైలరమ్మ.

కారు పొట్ట కింద జాకీలు పెట్టి లేపారు. ఫ్లోరు పొడుగునా ఇనప పైపులు వెల్డింగ్ చేశారు. తలుపులు బుద్ధిగా తెరుచుకున్నాయి. పైపులు కనబడకుండా టైలరమ్మ కార్పెట్ కుట్టి పరిచింది. రంపం కోసిన చోటల్లా మొగుడు లప్పం పెట్టి, రంగు కొట్టాడు. చూసినవాళ్లకి దిష్టి తీయాలనిపించేలా తయారైంది.

అంతా బాగానే ఉంది, ఇవాళ వస్తున్నది ఎవరనుకున్నారు? పాతకార్ల సంఘం పెద్దాయన. లోకంలో ఉన్న ఆ ఒక్కటీ ఆయనదే! ప్రతి ప్రదర్శనలోనూ అంత వయసులో తలుపు మీదుగా ఒక్క గెంతు గెంతి సీట్లో కూర్చుంటాడు. జనం ఈలలు వేస్తారు. ఆయన అసలైనదే అంటే కారు సంఘం వాళ్ల ఊరేగింపుకి వెళ్తుంది. కాదంటే అన్నయ్య నవ్వు బతికినంతకాలం వినాలి. పెద్దాయన్ని పనిగట్టుకుని పిలుచుకొస్తున్నదీ ఆ అన్నయ్యే.

"సరిగ్గా చూడండి సార్. మా బావ మాటల్లో సగం తరుగు తీసెయ్యాలి" అన్నాడు అన్నయ్య లోపలికి వస్తూనే.

పెద్దాయన ఇంజను వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా ముందు అద్దం ఫ్రేము దగ్గరికెళ్లి, లప్పం పెట్టిన చోటే వేలితో రాసి చూశాడు. తరవాత వంగి కార్పెట్ మీద వేళ్లతో కొట్టాడు. కింద పైపు ఖంగుమంది. మొగుడి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"కాఫీ తెమ్మంటారా?" అంది టైలరమ్మ, అవసరానికి మించి గట్టిగా.

"వద్దమ్మా" అని పెద్దాయన తలుపు పిడి పట్టుకున్నాడు. తీశాడు. వేశాడు. మళ్లీ తీశాడు. మళ్లీ వేశాడు. చూస్తుండగానే ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"సందేహమే లేదు. ఇది నా కారుకి తోడబుట్టిందే. ఊరేగింపులో నా పక్కనే నడవాలి" అన్నాడు.

అన్నయ్య నోరెళ్లబెట్టాడు. "అసలైనదేనంటారా సార్?"

"నాదెంత అసలైనదో ఇదీ అంతే."

ఇక మొగుడు ఆగుతాడా? "విన్నావా బావా? పద, ఈ మాట మీ ఆవిడక్కూడా చెబుదువుగాని!" అంటూ అన్నయ్య భుజం మీద చెయ్యేసి, దాదాపు మోసుకుంటూ వీధిలోకి తీసుకుపోయాడు. టైలరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఇన్నేళ్లకి మొగుడు తలెత్తుకుని నడుస్తున్నాడు. మోసం చేస్తే చేశాం, పోనీలే అనుకుంది.

షెడ్డులో ఇద్దరే మిగిలారు. పెద్దాయన అటూ ఇటూ చూశాడు. గుమ్మం దాకా వెళ్లి, వాళ్లు దూరం వెళ్లారని రూఢి చేసుకుని వచ్చాడు. గొంతు తగ్గించి, రెండు చేతులూ జోడించాడు.

"నీకు పుణ్యముంటుంది తల్లీ, ఈ తలుపులు తెరుచుకునేలా ఎలా చేశారో నాక్కాస్త చెప్పు, నా కారువి కప్పు కోసిన రోజునుంచీ బిగుసుకుపోయే ఉన్నాయి!"