పెద్దింటి బెల్లం

కాపురం పెట్టిన రోజే కొత్త ఫ్లాటు అత్తగారింటి అలవాట్లన్నీ దానంతటదే తెచ్చేసుకుంది. ఇప్పుడీ స్మార్ట్ ఇళ్ళన్నీ అంతేగా, పిల్లలుండే పిల్లింటికి పెద్దలుండే పెద్దింటి పోలికలు. ఫ్యాను ఒకటో నంబరు మీదే తిరిగేది. వంట మిషను పప్పుచారులో నిమ్మకాయంత బెల్లం వేసేది. కర్నూలు పిల్ల సుహాసినికి ఆ తీపి గొంతు దిగేది కాదు. మారిస్తే ఆ కబురు పెద్దింటికి వెళ్తుంది, అత్తగారు నొచ్చుకుంటారని ఇన్నాళ్ళూ మింగుతూ వచ్చింది.

ఆదివారం అత్తామామలు భోజనానికొస్తే, ధైర్యం చేసి అడిగేసింది. "అత్తయ్యా, చారులో బెల్లం ఆపేయనా?"

అత్తగారు సత్యవేణి ముద్ద కలపడం ఆపింది. "నీకూ పడదా? నాకు పెళ్ళైనప్పట్నుంచీ పడదే. మా అత్తగారింటి నుంచి దిగింది. మీ మామయ్యకి ఇష్టమని ఊరుకున్నా."

"నాకా?" అన్నారు మామగారు. "నీకిష్టమనుకుని తింటున్నా."

సత్యవేణి ఎడంచేత్తో ఫోను నొక్కి, కూర్చున్నచోటి నుంచే పెద్దింట్లో బెల్లం ఆపించింది. దాంతో పిల్లింట్లోనూ దానంతటదే ఆగిపోయింది. సుహాసినికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో చెమట తుడుచుకుంటూ, "అలాగే ఆ ఫ్యాను కూడా కాస్త పెంచితే..." అంది.

"అది ముట్టుకోకు," అంది సత్యవేణి, పమిటతో విసురుకుంటూ. "అది మా అత్తగారిది కాదు, నేను పెట్టిందే."