ఎడమ పక్క పిడి

“ఎడమ పక్కకా?” అన్నాడు బసన్న. “పిడి ఎడమ పక్కకు పెట్టుకుని ఏం చేస్తావన్నా? నలభై ఏండ్లు కుడిచేత్తో ఉలి పట్టినోడివి.”

ఆదోనిలో బసన్నది పాత ఇనుప సామాన్ల అంగడి. చెక్కను తిప్పి చెక్కే పాత లేతు మిషన్లకు ఏ సామాను కావాలన్నా అక్కడికే రావాలి. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చాడు సిద్ధప్ప. విరిగిన సామాన్లు గోనెసంచిలో తెచ్చి నేల మీద పోశాడు. పగిలిన పుల్లీ, అరిగిపోయిన బేరింగులు రెండు, ఉలి ఆనించే ఇనుప పట్టీ రెండు ముక్కలు.

“ఇయ్యన్నీ ఉండాయి” అన్నాడు బసన్న. “నట్టు బోల్టులు మాత్రం ఎందుకు వద్దంటాండావు?”

“ఒక చేత్తో చెక్క పట్టుకుని ఇంకో చేత్తో పానా తిప్పాల. అది కుదర్దు. ఒక్క తోపుతో బిగుసుకునే పిడి ఉంటే ఇయ్యి.”

బసన్న టీ తెప్పించాడు. సిద్ధప్ప గ్లాసును ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో తువ్వాలు కింద ఉంది. గ్లాసు ఒరిగి సగం టీ పంచె మీద పడింది.

బసన్న అది చూసి గొంతు తగ్గించాడు. “ఎన్నాళ్లయిందన్నా?”

“ఏంది?”

“చెయ్యి.”

సిద్ధప్ప గ్లాసు కింద పెట్టాడు. “ఇరవై రోజులు.”

“గోనెగండ్లలో ఒకాయప్ప పసరు మందు ఇస్తాడు. మా మామకు పక్షవాతం వస్తే మూడు నెలల్లో తన చేత్తో తాను ముద్ద తిన్నాడు.”

“దీనికి మందు లేదులే, బసన్నా.”

“అట్లయితే మిషను అమ్మేయరాదా? నీ తర్వాత ఎవరుండారు దానికి? మీవాడు ముట్టడు గదా.”

“ముట్టనన్నాడు.”

నాలుగేళ్ల కిందట, ఇదే ఆదోనిలో జిన్నింగు మిల్లు పనికి చేరిన రోజు అన్నాడు ఆ మాట కొడుకు సాయినాథ్. రంపంపొట్టు మింగి బతకడం నావల్ల కాదు నాయనా అన్నాడు. మొన్న వానల్లో మిషను విరిగినప్పుడు దాన్ని బాగుచేయించాలని సిద్ధప్పకూ అనిపించలేదు. గోనెపట్టా కప్పి వదిలేశాడు.

“శనివారానికి తిరగాల” అన్నాడు లేస్తూ.

“అంత తొందరేందన్నా?”

“ఆలస్యమైతే మనిషి దక్కడు.”

బసన్న సామాన్లన్నీ సంచిలో వేసిచ్చాడు. పిడికి డబ్బులు తీసుకోలేదు.

సామాన్లు బిగించడానికి ఒక రోజు పట్టింది. స్టార్టరును గోడ మీద నుంచి మోకాలి ఎత్తుకు దించాడు సిద్ధప్ప. ఉలికి మూరెడు పొడవు కర్ర తొడిగాడు, చంకలో ఇరికించుకోవడానికి. తర్వాత కుడిచేతిని తువ్వాలుతో రొమ్ముకు అదిమి కట్టమన్నాడు భార్యను. శ్రీశైలమ్మ బిగించి కట్టింది.

మొదటి చెక్క ఎగిరి గోడకు తగిలింది. రెండోదానికి ఉలి జారి వేలి కణుపు కోసుకుంది. అతను చేయబోయింది చపాతీ కర్ర. ఆ పని నేర్చుకునేవాళ్లకు మొదట ఇచ్చేది అదే.

చెక్క తెచ్చిన ఎర్రిస్వామి వాకిట్లో బండి ఆపి తొంగి చూశాడు. గోనెగండ్ల వైపు నుంచి నెలకొకసారి వచ్చేవాడు, మిషను విరిగాక మళ్లీ ఇప్పుడే రావడం. కింద పడి ఉన్న కర్రను తీసి తిప్పి చూశాడు.

“ఏందప్పా ఇది, సొరకాయా? దీంతో చపాతీ చేస్తే హోటలోడు అంగడి మూసుకుంటాడు.”

అప్పుడు తువ్వాలు చూశాడు. “అదేంది, చెయ్యి కట్టుకున్నావు?”

“విప్పితే మాట వినదు.”

ఎర్రిస్వామి కర్రను మెల్లగా కింద పెట్టాడు. ఆ రోజు చెక్కంతా తనే మోసి లోపల వేశాడు. పోతూ పోతూ దేవుని పటానికి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం శ్రీశైలమ్మ రొట్టె పెట్టి పక్కన కూర్చుంది. సిద్ధప్ప ఎడమచేత్తో తుంచుకుంటుంటే ముక్కలు కంచం బయట పడుతున్నాయి.

“చెదల మందు డబ్బా మా అక్కోళ్లింట్లో ఇచ్చొచ్చినా” అంది. “దూలానికుండే తాడు కూడా తీసేసినా.”

“మంచి పని చేసినావు.”

“ఉలులు?”

“ఉలులు ఉండనీ. అవి కూడా తీసేస్తే బతికేదానికి ఏం మిగుల్తాది?”

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నిన్న ఫోన్లో డాక్టరు అన్నాడు గదప్పా. చెయ్యి పోయినందుకు కాదంట, ఊరికే కూచుంటేనే మనిషి పాడైపోతాడంట.”

“అందుకే గదా ఇదంతా.”

“కుదురుతాదంటావా?”

“ముందు నాకు కుదరాల.”

గురువారం పదకొండు కర్రలు పొయ్యిలోకి పోయాయి. శుక్రవారం ఆరు. పొద్దు గుంకే వేళకు మిషను ఆపి, ఒక కర్రను బండల మీద పెట్టి తోశాడు సిద్ధప్ప. అది ఎటూ వంకర పోకుండా దొర్లుకుంటూ పోయి శ్రీశైలమ్మ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి కళ్లకు అద్దుకుంది. అతను ఆమె వైపు చూడలేదు, ఇంకో చెక్క ఎక్కించాడు.

శనివారం పది గంటలకు వాకిట్లో ఆటో ఆగింది.

“వచ్చినట్లుండాది” అంది శ్రీశైలమ్మ. ఆమె కదల్లేదు.

“ఏడవద్దు. వాకిట్లో ఏడవద్దు.”

సిద్ధప్ప తువ్వాలు ముడిని పళ్లతో లాగి విప్పాడు. తిమ్మిరెక్కిన కుడిచేతిని నాలుగుసార్లు విదిలించాడు, పిడికిలి మూసి తెరిచాడు. ఆ చేత్తోనే పెద్ద తలుపు గడియ లేపాడు. రెండు చేతులతో రెండు రెక్కలూ బార్లా తోశాడు.

ఆటో దిగిన సాయినాథ్ చొక్కా కుడిచెయ్యి ఖాళీగా ఊగుతోంది.